తాబేలు పిల్లకు డాక్టరేడీ?

జంషెడ్‌పూర్‌లో మనిషికి జబ్బు చేస్తే టాటా మెయిన్ హాస్పిటల్ ఉంది. ఆవుకు జ్వరమొస్తే ప్రభుత్వ పశువైద్యుడు ఉన్నాడు. కుక్కలకూ పిల్లులకూ ప్రైవేటు క్లినిక్కులున్నాయి. దల్మా కొండల్లో ఏనుగుకు గాయమైతే అటవీ శాఖ కదులుతుంది, మర్నాడు పత్రికల్లో ఫోటో కూడా వస్తుంది. కానీ అరచేతిలో ఇమిడే తాబేలు పిల్ల మూడు రోజులుగా కళ్లు తెరవడం లేదు, ఆకు ముట్టడం లేదు, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి. దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఈ ప్రశ్నకు ఉక్కు నగరంలో సూటి జవాబు లేదు. దేశంలో చాలా నగరాల్లోనూ లేదు. అక్వేరియం దుకాణం వాడు నీళ్లలో కలిపే చుక్కల మందు ఇస్తాడు. అది చేపల మందు. పశువైద్యుడు నిజాయితీపరుడైతే తనకు తాబేళ్ల వైద్యం రాదని చెబుతాడు. ధైర్యవంతుడైతే కుక్కకిచ్చే మందునే తగ్గించి ఇస్తాడు. జుబిలీ పార్కు పక్కనే టాటా స్టీల్ జూ ఉంది కదా అనిపిస్తుంది. కానీ జూ ప్రజల ఆస్పత్రి కాదు. అటవీ శాఖ కాగితం లేకుండా అడవి జంతువును చేర్చుకోవడం ఏ జూ చేతిలోనూ ఉండదు. ఇక మిగిలింది అటవీ శాఖ. ఆ పేరు వినగానే ఇంటాయన తలుపు వేసేస్తాడు. ఎందుకంటే ఆ తాబేలు ఇంట్లో ఉండటమే నేరం.

చిక్కంతా ఇక్కడే ఉంది. తాబేలును వ్యాపారి నుంచి కాపాడటానికి చేసిన చట్టమే జబ్బుపడిన తాబేలుకూ డాక్టరుకూ మధ్య గోడగా నిలుస్తోంది. చట్టాన్ని సడలించమని ఈ కాలమ్ అడగడం లేదు. గోడకు ఒక తలుపు ఉండాలని మాత్రమే అంటోంది.

ముందు ఈ పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. తెలుగులో మనం నేల మీద తిరిగేదాన్నీ, చెరువులో ఈదేదాన్నీ, సముద్రంలో ఉండేదాన్నీ ఒకే మాటతో 'తాబేలు' అనేస్తాం. మాట ఒకటే కావడం వల్ల కొన్ని ప్రాణాలు పోతున్నాయంటే అతిశయోక్తి కాదు. మెట్ట తాబేలును నీళ్ల తొట్టెలో వేస్తే మునిగి చస్తుంది. నీటి తాబేలును పొడి అట్టపెట్టెలో ఉంచితే ఎండి చస్తుంది. అందువల్ల కాళ్లు చూడాలి. స్తంభాల్లా మొద్దుగా, ఏనుగు పాదాల్లా ఉంటే అది నేల జీవి. వేళ్ల మధ్య పొర ఉంటే నీటి జీవి. జబ్బు సంగతి ఆ తర్వాత.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల రెండు రకాలూ ఉన్నాయి. చెరువుల్లో, పొలం గట్ల బురదలో మెత్తటి పెంకు తాబేళ్లుంటాయి. సింగ్‌భూమ్ సాల్ అడవుల్లో పసుపు ఛాయ పెంకున్న పొడుగు తాబేలు ఉంటుంది. 1913లో నెల్సన్ అన్నాండేల్ చాయిబాసా ప్రాంతంలో దొరికిన తాబేలును కొత్త జాతి అనుకుని వర్ణించాడు. తర్వాత అది పొడుగు తాబేలేనని తేలింది. నూరేళ్లు తిరిగేసరికి ఆ జాతి ప్రపంచవ్యాప్తంగా తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. కాబట్టి అడవి దారిలో కనిపించిన పిల్లను 'పాపం, ఎవరైనా తొక్కుతారు' అని జేబులో వేసుకొచ్చేవాళ్లు ఎంత అరుదైన దాన్ని తెచ్చారో వాళ్లకే తెలియదు.

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం మరొకటి. నల్లటి పెంకు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకునే నక్షత్ర తాబేలు. జార్ఖండ్ దాని సొంతూరు కాదు. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక పొడి నేలలు, వాయవ్య భారతం, శ్రీలంక దాని నివాసాలు. 2015లో వెలువడిన ఒక అధ్యయనం భారత్‌లోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం నుంచి ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టి తరలిస్తున్నారని లెక్కగట్టింది. అందులో ఎక్కువ భాగం విదేశాలకు పోయేవే. కొన్ని దేశంలోనే ఇళ్లకు చేరతాయి. ఇంట్లో తాబేలుంటే డబ్బు నిలుస్తుందనీ ఆయుష్షు పెరుగుతుందనీ నమ్మకం. వాస్తు కోసం పళ్లెంలో నీళ్లు పోసి ఇత్తడి తాబేలును పెట్టుకునేవాళ్లలో కొందరికి అసలుది దొరికితే ఇంకా మంచిదనిపిస్తుంది. ఇత్తడి తాబేలుకు జబ్బు చేయదన్న తేడా ఆ తర్వాత గానీ తెలిసిరాదు.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ విషయం మరింత దగ్గరిది. ఉక్కు కర్మాగారం తొలి దశాబ్దాల నుంచీ ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ల ఉనికికి గుర్తు. వాళ్ల సొంత జిల్లాలోనే శ్రీకూర్మం ఉంది. విష్ణువును కూర్మరూపంలో కొలిచే అరుదైన క్షేత్రం అది. ఆ ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్నాయి. భక్తులు తెచ్చి వదిలినవి, అక్కడే పుట్టినవి. 2025 మార్చిలో అక్కడ కొన్ని తాబేళ్లు చనిపోయాయనీ కళేబరాలను కాల్చేశారనీ బయటపడి పెద్ద దుమారం రేగింది. దేవుడి రూపమని దండం పెట్టే చోటే వాటికి రోజువారీ వైద్యం ఎవరిదన్న ప్రశ్న వస్తే, నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగే పిల్ల గతి ఏమిటో ఊహించవచ్చు. భక్తికి లోటు లేదు. లోటు వైద్యానిదే.

ఇక జబ్బు. తాబేలు పిల్లకు వచ్చే జబ్బుల్లో అధిక భాగం ఇంట్లో మనం తయారుచేసినవే. సూక్ష్మజీవి చివర్లో వచ్చి పని పూర్తి చేస్తుంది. అంతకు ముందే వేడి, ఎండ, తిండి, నీరు, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తప్పి ఉంటుంది.

మొదటిది వేడి. తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. చుట్టూ ఉన్న వేడితోనే దాని అరుగుదల నడుస్తుంది, రోగనిరోధక శక్తీ నడుస్తుంది. నక్షత్ర తాబేలు పిల్లకు పగటిపూట సుమారు 28 నుంచి 32 డిగ్రీలు కావాలి. జంషెడ్‌పూర్‌లో మే నెల సెగలు మనకు గుర్తుంటాయి గానీ, డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి 10 డిగ్రీల దగ్గరికి దిగుతుందన్నది తాబేలు విషయంలో గుర్తుకు రాదు. మొజాయిక్ గచ్చు మీద ఒక రాత్రి చాలు. పొద్దునకు పిల్ల మగతగా ఉంటుంది. కడుపులో ఉన్న ఆకు అరగదు, కుళ్లుతుంది. ఊపిరితిత్తుల్లో చీము చేరుతుంది. తాబేలుకు మనలా ఊపిరితిత్తుల కింద అడ్డపొర లేదు కాబట్టి గట్టిగా దగ్గి కఫాన్ని బయటకు తోయలేదు. ముక్కు బుడగలు, నోరు తెరిచి మెడ చాచి గాలి పీల్చడం కనిపించాయంటే జబ్బు ముదిరిందనే అర్థం.

రెండోది ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడితేనే విటమిన్ డి తయారవుతుంది. అది ఉంటేనే తిండిలోని కాల్షియం ఎముకకూ పెంకుకూ పడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. 'రోజూ కిటికీ దగ్గర ఎండలో పెడుతున్నాం' అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. అద్దం లోపల వేడి మాత్రం పెరుగుతుంది, మేలు జరగదు. నెలల తరబడి ఇలా సాగితే పెంకు అట్టలా మెత్తబడుతుంది. కాళ్లు ఒంకరపోతాయి. వేలితో నొక్కితే సొట్టపడే పెంకు అంటే పిల్ల తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుని బతుకుతోందని అర్థం.

మూడోది తిండి. అన్నం మెతుకులు, పాలల్లో నానబెట్టిన రొట్టె, బిస్కెట్లు, టమాటా, దోసకాయ. ప్రేమగా పెట్టేవన్నీ ఇవే. పాలు అరిగించుకునే శక్తి సరీసృపానికి లేదు. దోసకాయలో నీరు తప్ప ఏమీ లేదు. పాలకూర మంచిదనుకుంటాం గానీ అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని బంధించేస్తాయి. నిజానికి నక్షత్ర తాబేలుకు కావలసినవి పెరట్లో ఊరికే దొరుకుతాయి. లేత గడ్డి, గలిజేరు వంటి కలుపు ఆకులు, మందార ఆకులు, పూలు, కాస్త మునగాకు. పిచ్చి మొక్కలని పీకి పారేసేవే దానికి విందు.

నాలుగోది నీరు. మెట్ట జీవి కదా, నీళ్లెందుకని కొందరు పళ్లెమే పెట్టరు. పెద్ద తాబేలు ఓర్చుకుంటుంది, 20, 30 గ్రాముల పిల్ల ఓర్చుకోలేదు. కళ్లు గుంటలు పడతాయి, మూత్రం సున్నంలా గట్టిపడి ఆగిపోతుంది. మరికొందరు అతి ప్రేమతో తొట్టెలో వదిలేస్తారు. అది మునుగుతుంది.

తాబేలుది మరో చిత్రమైన స్వభావం ఉంది. అది నెమ్మదిగా నడిచినట్టే నెమ్మదిగా జబ్బు పడుతుంది, నెమ్మదిగా చనిపోతుంది. పెద్దదైతే వారాలపాటు తినకపోయినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లకు అంత నిల్వ లేదు. ఇంటివాళ్లు 'నిన్నటి నుంచి బాగాలేదు' అని చెప్పే రోజుకు అది చాలా రోజులుగా జబ్బుతో ఉండి ఉంటుంది. కాబట్టి డాక్టరు దొరకక పోగొట్టుకునే ప్రతి రోజూ ఖరీదైనదే.

డాక్టరు దొరికాడనే అనుకుందాం. మన పశువైద్య విద్య ప్రధానంగా పాడి, మాంసం, కోళ్ల చుట్టూ అల్లినది. రైతుకు అవసరమైనది అదే కాబట్టి తప్పుపట్టలేం. వన్యప్రాణుల పాఠం ఉంటుంది గానీ, పట్టా పుచ్చుకునే లోపు బతికున్న తాబేలును చేత్తో పట్టి పరీక్షించే అవకాశం అందరికీ రాదు. దీనివల్ల జరిగే ప్రమాదానికి ఒక్క ఉదాహరణ చాలు. ఐవర్‌మెక్టిన్. ఆవులకు పురుగుల మందుగా, కుక్కలకు గజ్జికి పశువైద్యుల సంచిలో నిత్యం ఉండే మందు. తాబేలు జాతికి అది విషం. నరాలు చచ్చుబడి, ఊపిరి ఆగి చనిపోతుంది. కుక్కకు ప్రాణం పోసే సూది తాబేలు ప్రాణం తీస్తుంది. అలాగే కళ్లు వాచాయని విటమిన్ ఏ సూది ఎక్కువ మోతాదులో వేస్తే చర్మం ఊడిపోతుంది. సూది ఎక్కడ వేయాలన్నదీ ముఖ్యమే. శరీరం వెనుక భాగం నుంచి వచ్చే రక్తం కొంత ముందు మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి సాధారణంగా ముందు కాళ్ల వైపు వేయడమే పద్ధతి. ఇక మోతాదు. 25 గ్రాముల రోగికి మందు లెక్క కట్టాలంటే పశువుల కాటా పనికిరాదు, కంసాలి త్రాసు కావాలి.

ఇవన్నీ మహావిద్యలేం కావు. తెలిసినవాళ్లు ఫోన్‌లో పది నిమిషాలు చెబితే ఏ పశువైద్యుడైనా చేయగలిగినవే. బరువు తూచడం, ఒంట్లో నీటి శాతం సరిచేయడం, వెచ్చగా ఉంచడం, ఎక్స్‌రే తీయడం, పేడ పరీక్ష చేసి పురుగులుంటే సరైన మందు ఇవ్వడం. తెలిసినవాళ్లూ దేశంలో లేకపోలేదు. రాంచీ కాంకేలో పశువైద్య కళాశాల ఉంది. రాంచీ దగ్గర ఓర్‌మాంఝీలో బిర్సా జూ ఉంది. హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరా గాంధీ జూల వైద్యులకు సరీసృపాలు కొత్త కాదు. జంషెడ్‌పూర్ జూకే 1994 నుంచీ జంతువులను చూసుకున్న అనుభవం ఉంది. ఇన్ని చోట్ల ఉన్న తెలివిని వీధిలోని డాక్టరుకు కలిపే తీగ మాత్రం లేదు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూలులో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. షెడ్యూళ్లను కుదించి తిరగరాసినప్పుడు అది ఒకటో షెడ్యూలుకు, అంటే పులీ ఏనుగూ ఉన్న వరుసకు చేరింది. అంతకు ముందే, 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సదస్సు దాన్ని ఒకటో అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. ఒకటో షెడ్యూలు నేరానికి శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25,000 జరిమానా. సంచుల్లో వందలకొద్దీ కుక్కి విమానం ఎక్కించేవాడికి ఇది ఎక్కువేం కాదు. కానీ బజారులో కొనిచ్చిన తాబేలు కళ్లు తెరవడం లేదని ఏడుస్తున్న పిల్లవాడి తండ్రికీ అదే సెక్షన్ చూపిస్తే ఆయన ఏం చేస్తాడు? చాలామంది చేసేదే చేస్తాడు. చీకటి పడ్డాక జుబిలీ సరోవరంలోనో, సోనారీ దగ్గర సువర్ణరేఖ, ఖర్కాయీ కలిసే దోముహానీలోనో వదిలేస్తాడు. 'ప్రకృతి ఒడికి చేర్చాం' అని తృప్తిపడతాడు. మెట్ట తాబేలుకు అది జలసమాధి. ఒకవేళ అది అక్వేరియం దుకాణంలో కొన్న విదేశీ ఎర్రచెవుల తాబేలైతే కథ వేరు. అది బతికి, ఇక్కడి తాబేళ్ల తిండినీ ఎండ కాచుకునే చోటునూ లాక్కుంటుంది.

నిజానికి చట్టంలో ఒక చిన్న దారి ఉంది. చాలామందికి తెలియదు. 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అది ఏ విధంగానైనా మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. అడిగితే అప్పగించాలి. కాబట్టి రోడ్డు మీద దొరికిన పిల్లను తీసుకుని మర్నాడు అటవీ శాఖ గడప ఎక్కినవాడు దొంగ కాడు, చట్టం చెప్పినట్టు నడిచిన పౌరుడు. ఈ 48 గంటల మాటను స్కూళ్లలో, గుళ్లలో, కాలనీ నోటీసు బోర్డుల్లో ఎందుకు రాయరో అర్థం కాదు.

ఆ గడువు దాటిపోయిన ఇళ్ల సంగతే కష్టం. 2022 సవరణ 42ఏ అనే కొత్త సెక్షన్‌తో స్వచ్ఛందంగా అప్పగించే వీలు కల్పించింది గానీ, అది యాజమాన్య పత్రం ఉన్నవారికే. అక్వేరియం దుకాణం వెనక గదిలో తాబేలును కొన్నవాడి దగ్గర ఏ పత్రం ఉంటుంది? అంతకు ముందు ఒక్కసారి తలుపు పూర్తిగా తెరిచారు. 2003లో తెచ్చిన నిబంధనల కింద అప్రకటిత వన్యప్రాణులూ వాటి వస్తువులూ ఉన్నవాళ్లు 180 రోజుల్లోగా ప్రకటించుకోవచ్చన్నారు. ఆ గడువు ముగిసి రెండు దశాబ్దాలు దాటింది. ఇక 2020 జూన్‌లో పర్యావరణ శాఖ విదేశీ జంతువులున్నవాళ్లు స్వచ్ఛందంగా వెల్లడించే అవకాశం ఇచ్చింది. అంటే ఆఫ్రికా చిలుకను పెంచుకున్నవాడికి ముందుకొచ్చే దారి దొరికింది. సొంత దేశపు తాబేలును తెలియక తెచ్చుకున్నవాడికి దొరకలేదు.

తలుపు తెరిస్తే వ్యాపారులు దూరతారన్న అభ్యంతరం ఉంది. అందులో న్యాయం ఉంది. 'జబ్బు చేసింది, అప్పగిస్తాను' అనే మాట పట్టుబడ్డ ప్రతివాడికీ సాకు కాకూడదు. కానీ రెండింటికీ తేడా చూడటం అంత కష్టమా? ఒకటో రెండో ఉన్న ఇంటికీ, వందలున్న గోదాముకూ తేడా ఉంది. పట్టుబడకముందే వచ్చినవాడికీ పట్టుబడ్డాక మాట మార్చినవాడికీ తేడా ఉంది. జంతువును వదులుకోవడానికి సిద్ధపడ్డవాడికీ, నయం చేసి తిరిగి ఇవ్వమనేవాడికీ తేడా ఉంది. తిరిగి ఇవ్వకూడదు. అది ఖచ్చితమైన షరతు కావాలి. పోలీసు రాతల్లో కాకుండా వైద్యుడి చీటీతో మొదలయ్యే అప్పగింత అయితే మాత్రం చాలా ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి. దుకాణదారు పేరు కూడా అలా వచ్చినవాళ్లే చెబుతారు. భయపడ్డవాడు సాక్ష్యం ఇవ్వడు.

ఇది ఇళ్ల సమస్య మాత్రమే కాదు, ప్రభుత్వానిది కూడా. 2022 నవంబరులో టాటానగర్ స్టేషన్‌లో నీలాచల్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక మహిళ సామాన్లలో పాతికకు పైగా విదేశీ పాములు, వాటితో పాటు ఊసరవెల్లులు, సాలెపురుగులు దొరికాయి. రైల్వే భద్రతా దళం పట్టుకుంది, దేశమంతా వార్త అయింది. ఇలాంటి ప్రతి దాడి తర్వాతా ఒక ప్రశ్న మిగులుతుంది. ఊపిరాడక, దాహంతో, కాళ్లు విరిగి ఉన్న ఆ ప్రాణులను ఆ రాత్రి ఎవరు చూస్తారు? కోర్టు దృష్టిలో అవి సాక్ష్యాలు. వాటి దృష్టిలో అవి రోగులు. దేశం మీదుగా సరుకు పోయే హౌరా, ముంబయి దారిలో పెద్ద జంక్షన్ టాటానగర్. ఇక్కడ ఇది మొదటిసారి కావచ్చు, చివరిసారి మాత్రం కాదు. వీధి చివరి తాబేలు పిల్లకు పనికొచ్చే గదే రైల్లో దొరికిన జీవాలకూ పనికొస్తుంది.

అలాంటి గదికి పెద్ద ఖర్చేం లేదు. ఒక వెచ్చటి గది, అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపాలు, గ్రాముల త్రాసు, నెలకోసారి వచ్చి చూసే సరీసృపాల వైద్యుడు, అవసరమైతే ఏ వేళకైనా పలికే ఫోన్. డబ్బుల దగ్గర జంషెడ్‌పూర్ వంటి కంపెనీ నగరం చేయి చాచాల్సిన పని లేదు. కావలసింది అటవీ డివిజన్, జూ, పశుసంవర్ధక శాఖ, ముగ్గురూ ఒక కాగితం మీద సంతకం పెట్టడం. ఎవరు చేర్చుకోవాలి, ఎవరు వైద్యం చేయాలి, కోలుకున్నాక ఎక్కడికి పంపాలి అన్నవి అందులో ఉండాలి. కోలుకున్నదాన్ని దగ్గర్లోని అడవిలో వదిలేయడం పరిష్కారం కాదు. నక్షత్ర తాబేలును దల్మాలో వదలకూడదు. అది దాని నేల కాదు, అది మోసుకెళ్లే జబ్బులు ఇక్కడి తాబేళ్లకు అంటుకోవచ్చు. 2018లో సింగపూర్‌లో స్వాధీనం చేసుకున్న 51 నక్షత్ర తాబేళ్లను విమానంలో వెనక్కి తెచ్చి కర్ణాటకకు చేర్చారు. సముద్రం అవతలి నుంచి అది సాధ్యమైనప్పుడు, టాటానగర్ నుంచి దక్షిణాదికి రైలులో పంపడం అసాధ్యం కాదు.

ఆ కాగితం వచ్చేలోపు ఇంట్లో జబ్బు పిల్ల ఉన్నవాళ్లు ఈ రాత్రి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గాలి ఆడే అట్టపెట్టెలో పాత పత్రికలో మెత్తటి గుడ్డో పరచి మెట్ట తాబేలును ఉంచండి. పెట్టెకు ఒక పక్కన మాత్రమే చిన్న బల్బు వెలిగించండి, వేడెక్కితే రెండో పక్కకు జరగగలగాలి. గోరువెచ్చటి నీళ్లు పళ్లెంలో దాని గడ్డం దాటకుండా పోసి 15, 20 నిమిషాలు కూర్చోబెట్టండి. పక్కనే ఉండండి. చల్లగా ఉన్న పిల్లకు బలవంతంగా తినిపించకండి. పాలు వద్దు. పసుపు, నూనె పూయడం వద్దు. ఇంట్లో మిగిలిన మాత్రలు వద్దు. పిల్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్న పిల్లల చేతికి ఇవ్వకండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండటం మామూలే. ఆ కారణంగానే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది.

బరువు, తిండి మానేసిన రోజు, ఏం పెట్టేవారో ఒక చీటీ మీద రాసుకోండి. తెల్లవారాక డాక్టరు దగ్గరికి వెళితే ముందు ఒక్క మాట చెప్పండి, ఐవర్‌మెక్టిన్ వద్దని. ఆయనకు తెలిసే ఉండొచ్చు, చెప్పడంలో అమర్యాద లేదు. అటవీ శాఖకు ఫోన్ చేయండి. దారిలో దొరికినదైతే 48 గంటలు మీ వైపున్నాయి. కొన్నదైతే తెలిసిన లాయరును వెంటబెట్టుకుని వెళ్లండి, కానీ వెళ్లండి. ఏ పనీ చేయలేకపోయినా ఒక్క పని మాత్రం చేయకండి. చీకట్లో నదిలో వదలకండి.

తూర్పు సింగ్‌భూమ్ అటవీ అధికారులు చేయాల్సింది ఇంకా సులువు. 'జబ్బుపడిన లేదా దొరికిన తాబేలును ఇక్కడ అప్పగించండి' అని హిందీ, బంగ్లా, తెలుగు, ఒడియా, సంతాలీల్లో ఒక బోర్డు, కింద పలికే నంబరు. బిష్టుపూర్ బజారులో ఒకటి, టాటానగర్ ప్లాట్‌ఫారం మీద ఒకటి, రామమందిరం గేటు దగ్గర ఒకటి. రంగు, రేకు కలిపి కొన్ని వేల రూపాయల పని. చలికాలం ఏటా డిసెంబరులోనే వస్తుంది కాబట్టి, నవంబరులోపు పెడితే చాలు.